కళ్లజోడు తీసి చూడండి

ఫిబ్రవరి 6

అత్తా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు నా ఏడుపు కానివ్వు.

నిన్న ఉద్యోగం అడగడానికి ఒక డిజైన్ స్టూడియోకి వెళ్లాను. పగలంతా కొరియర్ ఆఫీసు కౌంటర్లో పార్సిళ్ల మీద చీటీలు అంటిస్తూ, మిగిలిన టైములో కంప్యూటర్ ముందు కూర్చుని నాకు నేనే ఒక పని నేర్చుకున్నాను కదా. అక్షరాలూ బొమ్మలూ రంగులూ సర్ది పోస్టర్లు, లేబుళ్లు, పుస్తకాల అట్టలు తయారుచేయడం. అవన్నీ ప్రింట్లు తీసి ఒక ఫైల్లో పెట్టి పట్టుకెళ్లాను. దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. గుమ్మం దగ్గర నాన్న చూసి, "పిల్ల పెట్టె సర్దుకుని ఎక్కడికి బయలుదేరింది?" అన్నారు, అంత లావు.

స్టూడియో పెద్దావిడకి తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. ఫైలు అందుకుని పేకముక్కలు కలిపినంత వేగంగా పేజీలు తిప్పేసింది. తిప్పి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఇవన్నీ ఎవరి కోసం చేశావమ్మా?"

అందరి కోసం అనబోయి ఆగాను. చివరికి "నా కోసమేనండీ" అన్నాను. "మరి నీకు నచ్చాయి కదా, ఇంకేం?" అని ఫైలు మూసి చేతికిచ్చింది. నా మొహం చూసి జాలేసిందో ఏమో, తలుపు దాకా వచ్చి, "మే నెలలో ఇక్కడ ఒక చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు మళ్లీ రా. ఫైలు సగం చెయ్యి, నా ప్రశ్నకి జవాబు పట్టుకురా" అంది.

ఆ చోటు నాది కావాలి అత్తా. ఇక్కడ మేనేజరు నన్ను పర్మనెంటు చేస్తానంటున్నాడు. ఆ మాట వింటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు, నాకు మాత్రం గుండె జారిపోతోంది. జన్మంతా చీటీలు అంటించుకోవడం నా వల్ల కాదు.

నా పనిలో ఏం బాగాలేదో చెప్పేవాళ్లు కావాలి. అమ్మ అన్నీ బాగున్నాయంటుంది, కాకిపిల్ల కాకికి ముద్దు. స్నేహితులు చూడకముందే సూపర్ అంటారు. మన చుట్టాలందరిలో మొహమాటం లేనిదానివి నువ్వొక్కదానివే. అన్నయ్య కొత్త ఇల్లు చూసి "ఈ మెట్లు మనుషులకా, మేకలకా?" అన్నది నువ్వే కదా. అందుకే ప్రింట్లు గొట్టంలో పెట్టి పంపుతున్నాను. మీ కళ్లజోళ్ల షాపుకి చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు వస్తారు. ఒక్కొక్కటీ గోడకి పెట్టి వాళ్లని అడుగు. ఉన్నదున్నట్టు రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్లో నువ్వు చెబుతుంటే నేను వాదిస్తాను, ఇద్దరం కలిసి అసలు విషయం మరిచిపోతాం.

ఇప్పుడు క్షేమం. అందరం బాగున్నాం. నేను తప్ప.

నీ రంగులపిట్ట

*

ఫిబ్రవరి 19

ఒసేయ్ రంగులపిట్టా,

నీ గొట్టం చేరింది. మీ మామయ్య మూత తీసి, ఒక చివర కన్ను పెట్టి, "దీనికి అద్దం పోయింది" అన్నారు. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషి, ఆయనకి లోకంలో ప్రతిదీ అద్దం వ్యవహారమే.

నీ పాటల కచేరీ పోస్టరు ముందు గదిలో అక్షరాల చార్టు పక్కన పెట్టాను. పెద్దమనుషులనే అడిగాను, నువ్వు చెప్పినట్టే. రిటైరైన జడ్జిగారు చూసి "ఏదో అంటుకున్నట్టుంది" అన్నారు. లెక్కల మాస్టారు, "ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం... కూరగాయల కొట్టా?" అన్నారు. బ్యాంకు మేనేజరమ్మ, "అందులో అక్షరాలు కూడా ఉన్నాయా?" అంది. కచేరీ అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. తేదీ ఎక్కడుందో చూపించమంటే ముగ్గురూ మూడు చోట్ల వేలు పెట్టారు. అందులో ఒక చోట గోడ ఉంది.

నీ సబ్బు లేబులు చూసి జడ్జిగారు, "ఈ మందు తాగేదా, పూసుకునేదా?" అని అడిగారు.

ఇక నా మాట. ఖాళీ కనపడితే చాలు, అక్కడ ఒక పువ్వో చుక్కో దింపుతున్నావు. చిన్నప్పుడు మా గోడల మీదా ఇంతే చేసేదానివి. ఖాళీ అంటే నీకేమైనా భయమా? భయమైతే చెప్పు, పడుకునే ముందు ధైర్యం చెబుతాను.

ఇక్కడ ఎప్పటి గొడవే. మొన్న ఒకాయన కళ్లజోడు కోసం వచ్చి పక్కనున్న టైలరు షాపులోకి వెళ్లిపోయాడు. టైలరు కూడా తక్కువవాడు కాదు, ఆయన నోరు తెరిచేలోపు టేపు తీసి నడుము కొలిచేశాడట. అంతా మా బోర్డు మీది బాణం పుణ్యం. షాపు పెట్టినప్పుడు జోడు బొమ్మతో సహా మీ మామయ్య సొంత చేతులతో రాసిన బోర్డు అది. అప్పుడు మా తలుపు ఎడమ వైపు ఉండేది. తర్వాత గోడ కొట్టించి తలుపు కుడి వైపుకి మార్చాం, బాణం మాత్రం ఎడమకే ఉండిపోయింది. మార్చండి మహాప్రభో అంటే, "బోర్డు ముందు పుట్టింది, తలుపు తర్వాత పుట్టింది. తప్పు తలుపుది" అంటారు. అప్పటినుంచి నేను తలుపు తరఫున వాదిస్తూనే ఉన్నాను.

దిద్దుకుని మళ్లీ పంపు. కుంగిపోకు, నీ చెయ్యి మంచిది.

అత్త

*

మార్చి 2

అత్తా,

నీ ఉత్తరం చదివి ముందు దిండులో మొహం దాచుకున్నాను, తర్వాత లేచి పనిచేశాను. జడ్జిగారు, లెక్కల మాస్టారు, మేనేజరమ్మ! ఇంత పెద్దవాళ్లు నా పోస్టరు ముందు కూర్చుని, పరిశీలనగా చూసి, ఇంత సూటిగా చెప్పారంటే నమ్మలేకపోతున్నాను. జడ్జిగారు "అంటుకున్నట్టుంది" అన్నది ఎంత లోతైన మాట! రంగులు ఒకదాన్నొకటి కాల్చేస్తున్నాయని ఆయన ఉద్దేశం. నేను రెండు రోజులు ఆలోచిస్తే గానీ అర్థం కాలేదు.

కచేరీ పోస్టరులో రెండే రంగులు ఉంచాను. పువ్వులన్నీ పీకేశాను. ఒక్కొక్కటి తీసేస్తుంటే పన్ను పీకినంత పనైంది. తేదీని పైకి తెచ్చి లావు అక్షరాల్లో పెట్టాను. సబ్బు లేబులు మీద నురగ బొమ్మ వేశాను, ఇప్పుడు ఎవరూ తాగరు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోప్పడకు. స్టూడియో ఆవిడకి మెయిల్ రాస్తూ, "నా పనిని అనుభవజ్ఞుల సలహా మండలి ఒకటి పరిశీలిస్తోంది" అని రాశాను. కొంచెం గొప్పగా ఉంటుందని. అబద్ధం కాదు కదా?

ఇంకో సంగతి. ఈసారి గొట్టంలో నా ఫైలు మొత్తానికి తలమానికం లాంటి పేజీ ఒకటి ఉంది. పాత బోర్డును ఎలా మార్చవచ్చో చూపించే పని. నిరుడు మీ ఇంటికొచ్చినప్పుడు తీసిన ఫోటో వాడుకున్నాను. నువ్వు చూడగానే నవ్వుతావు. మండలికి ఎవరు చేశారో చెప్పకుండా చూపించు. ఈ ఒక్క పేజీతో మేలో ఆ చోటు నాదే అనిపిస్తోంది.

నీ పిట్ట (రంగులు తగ్గాయి)

*

మార్చి 15

అమ్మాయీ,

నవ్వలేదు.

గొట్టం వచ్చినప్పుడు షాపులో జనం ఉన్నారు. నేను విప్పి చూడకుండానే ఆ పేజీ గోడకి తగిలించి, గల్లా దగ్గరికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి మీ మామయ్య దాని ముందు నిలబడి ఉన్నారు. ఎడమ వైపు మా బోర్డు ఫోటో, దాని మీద 'పాతది' అని రాసి ఎర్ర గీతలతో కొట్టివేతలు. 'అక్షరాలు వంకర'. 'ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది'. 'లావు ఎక్కువ, అందం తక్కువ'. 'బాణం తప్పు'. కుడి వైపు 'కొత్తది' అని, సన్నటి గీతల జోడు బొమ్మతో నీ బోర్డు.

ఆయన లోపలికి వెళ్లి నిచ్చెన తెచ్చుకున్నారు. బోర్డు దింపి, అద్దాలు అరగదీసే మిషను వెనక, మొహం గోడవైపు తిప్పి ఆనించారు. అప్పటినుంచి అన్నం తినేటప్పుడు కూడా మాట లేదు. కోపం వస్తే అరిచే మనిషైతే నాకు తేలిక, ఈయన అలిగితే ఇల్లు మూగబోతుంది. షాపు నెత్తిన ఖాళీ గోడ, బోడి తలలాగా.

సరే, నువ్వడిగింది కూడా రాస్తాను. నీ కొత్త బోర్డు చూసి ఒకామె "సైకిలా?" అంది. ఒకాయన "సంకెళ్లు. పోలీసులదేనా?" అన్నాడు. జడ్జిగారు చాలాసేపు చూసి, "అక్కడ ఏమైనా ఉందా అమ్మా?" అని నన్నే అడిగారు. పాపం, కళ్లజోడు లోపల మీ మామయ్య దగ్గరుంది, ముక్కు దగ్గర బిగించడానికి ఇచ్చారు. నేను ఎప్పుడూ అలాంటివాళ్లనే అడుగుతాను, జోడు రిపేరుకి ఇచ్చి ఊరికే కూర్చున్నవాళ్లని. వాళ్లకి తోచదు, నాకు పనవుతుంది.

మామయ్యకి ఏం చెప్పమంటావో రాయి.

అత్త

*

మార్చి 22

అత్తా,

అంటే నా సలహా మండలి మొత్తం కళ్లజోడు లేకుండా కూర్చున్నవాళ్లా? జడ్జిగారికి అంటుకున్నట్టు కనపడిందంటే, ఆయనకి అసలేమీ కనపడలేదనా అర్థం? నేను ఆ మాట గురించి రెండు రోజులు ఆలోచించాను! వాళ్ల మాట పట్టుకుని పువ్వులన్నీ పీకేశాను! స్టూడియో ఆవిడకి మెయిల్ కూడా రాసి కూర్చున్నాను. ఆవిడ "ఎవరమ్మా ఆ మండలి?" అంటే నేనేం చెప్పాలి?

నా జీవితం నీకు కాలక్షేపం అయింది. వాళ్లకి తోచదు, నీకు పనవుతుంది, నాకేమో ఉద్యోగం పోతుంది.

మామయ్యని బాధపెట్టాలని నేను అనుకోలేదు. ఆయన చూస్తారని కూడా తట్టలేదు. కానీ రాసినవి అబద్ధాలా? అక్షరాలు వంకరే కదా? బాణం తప్పే కదా, నువ్వే అన్నావు కదా? నిజం చెబితే నిష్ఠూరం అంటారు, ఇదే.

ఇక ప్రింట్లు పంపను. మేనేజరుకి పర్మనెంటు సంగతి వచ్చే నెల చెబుతానన్నాను.

మేనకోడలు

*

ఏప్రిల్ 3

మేనకోడలు గారికి,

తమరి ఉత్తరం అందింది. పెన్ను గట్టిగా నొక్కడం వల్ల కాగితానికి రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. అయినా చదివాను, నా జోడు నాకుంది.

కళ్లజోళ్ల షాపులో జనం కళ్లజోళ్లు తీసి కూర్చుంటారన్న సంగతి నీకు వేరే చెప్పాలని నాకు తట్టలేదు. ఎగతాళి కాదే పిల్లా. మొదట్లో జోడు పెట్టుకున్నవాళ్లని కూడా అడిగాను. అందరూ ఒకటే మాట, "మీ మేనకోడలా? చాలా బాగుందండీ." అవతల నేను నిలబడి ఉంటే ఇంకేమంటారు? అది మర్యాద, దాంతో నీకేం పని? జోడు తీసినవాళ్లకి మర్యాద చేసే ఓపిక ఉండదు. కనపడింది కనపడినట్టు చెబుతారు.

బోర్డు దింపాక ఇక్కడ జరిగింది కూడా విను. మొన్న ఒకావిడ బస్సులో తన జోడు మీద తనే కూర్చుంది. ముక్కలు చేతిలో పట్టుకుని మా ఎదురుగానే దిగింది. దిగి, ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగి, మా గుమ్మంలోకే వచ్చి, "ఇక్కడెక్కడో కళ్లజోళ్ల షాపు ఉండాలి, చెబుతారా?" అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. బాణం చూసి టైలరు దగ్గరికి వెళ్లినవాళ్లున్నారు గానీ, బోర్డు కనపడనివాళ్లు లేరు.

నీకు తెలియని సంగతి ఇంకొకటి. ఆ బోర్డు రాసిన రోజు మీ మామయ్య తన జోడు తీసి జేబులో పెట్టుకున్నారు. రోడ్డు అవతలికి వెళ్లి చూడటం, చదవలేకపోతే తిరిగొచ్చి అక్షరం ఇంకాస్త లావు చేయడం, మళ్లీ వెళ్లడం. ఒక రిక్షా ఆయన్ని రాసుకుంటూ పోయింది కూడా. జోడు లేని మనిషి చేత్తో దిద్దితే అక్షరం వంకర పోదా మరి?

కన్ను ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్నావు. దానికి మాత్రం గొప్ప కారణమేమీ లేదు. ఒకటి పళ్లెం బోర్లించి గీశారు, రెండోది డబ్బా మూత పెట్టి గీశారు. నేను అప్పుడే చెప్పాను, వినలేదు.

పర్మనెంటు సంగతి నీ ఇష్టం. నేను మాత్రం నీ ప్రింట్లు గోడమీదనుంచి తీయలేదు.

అత్త

*

ఏప్రిల్ 12

అత్తా,

సిగ్గుతో రాస్తున్నాను, కానీ సంతోషంగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకూ తెలియదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన జోడు మర్చిపోయి వచ్చారు. పార్సిలు ఫారం చెయ్యి చాచి పట్టుకుని, తల వెనక్కి వంచి, "అమ్మాయ్, సంతకం ఎక్కడో చూపించు" అన్నారు. రోజూ ఎవరో ఒకరు అలా అడుగుతారు, రోజూ నేను విసుక్కుంటూ వేలు పెట్టి చూపిస్తాను. ఆరోజు మాత్రం ఆ ఫారం నేను చేసిన బోర్డులాగే ఉందని తోచింది. సన్నటి గీతలు, బూడిద రంగు అక్షరాలు. చేసినవాడికి బాగానే కనపడి ఉంటుంది. ఇంటికొచ్చి నా 'కొత్తది' గోడకి పెట్టి, కళ్లు సగం మూసి చూశాను. సైకిలే అత్తా. నా కళ్లు బాగున్నాయి కాబట్టి ఇన్నాళ్లూ నాకు కనపడలేదు.

కళ్లజోళ్ల షాపు బోర్డు చదవాల్సింది కళ్లజోడు లేనివాళ్లు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. మామయ్యకి తట్టింది, అందుకే ఆయన జోడు తీసి రోడ్డు దాటారు. నేనేమో నాలాంటి డిజైనర్లు చూసి "ఆహా" అనాలని గీశాను. స్టూడియో ఆవిడ "ఎవరి కోసం?" అని అడిగింది ఇదే.

ఫైలు మొత్తం మళ్లీ చేస్తున్నాను. సగం తీసేశాను. మిగిలిన ప్రతి పనికీ ముందు నేను చేసింది, పక్కన మీ మండలి చెప్పింది ఉన్నదున్నట్టు, ఆ తర్వాత నేను దిద్దింది. కూరగాయల కొట్టు, తాగే సబ్బు, సైకిలు, అన్నీ పెడుతున్నాను. మేనేజరుకి పర్మనెంటు వద్దని చెప్పేశాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఈ గొట్టంలో మామయ్యకి ఒక ఎర్ర పెన్సిలు, నా 'కొత్తది' బోర్డు ప్రింటు ఉన్నాయి. ఈ నాలుగు ముక్కలు ఆయనకి చదివి వినిపించు:

మామయ్యా, మీ బోర్డును నేను ఏసీ గదిలో కూర్చుని కొట్టేశాను, మీరు నడిరోడ్డు మీద నిలబడి రాశారు. తప్పు నాది. నా బోర్డు మీ చేతిలో పెడుతున్నాను. నేను మీ దాన్ని ఎలా కొట్టేశానో మీరూ అలాగే కొట్టేయండి. జాలిపడకండి. మీ బోర్డు మాత్రం దయచేసి మళ్లీ పైకెక్కించండి.

నీ పిట్ట

*

ఏప్రిల్ 24

ఒసేయ్ బంగారుపిట్టా,

నీ పెన్సిలు చేరిన రోజు మా ఇంట్లో మాట పుట్టింది!

నేను చదువుతుంటే మిషను ఆపలేదు. వినడం లేదేమో అనుకున్నాను. సాయంత్రం షాపు మూసే వేళకి వచ్చి, నా బల్ల మీదున్న ఎర్ర పెన్సిలు తీసుకుని, చెక్కుకుని, నీ ప్రింటు ముందేసుకుని కూర్చున్నారు. ఇక చూడు సంబరం! ఈలపాట కూడా మొదలైంది. మధ్యలో తలెత్తి, "ఏమే, 'దోమకాళ్లు' అని రాస్తే పిల్ల బాధపడుతుందా?" అన్నారు. అన్ని రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే. "రాయండి, పడనీ" అన్నాను.

ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. చూసి నవ్వుకో. 'గీతలు దోమకాళ్లు'. 'బూడిద రంగు మీద బూడిద రంగు. కనపడకూడదనుకుంటే అసలు రాయడం దేనికి?' 'ఇంత ఖాళీ ఎందుకు, అద్దెకిస్తావా?' 'ఇది జోడు కాదు, సైకిలు. బెల్లు ఎక్కడ?' చివర ఒక మూల చిన్నగా, 'రెండు కళ్లూ సమానంగా వచ్చాయి. అది బాగుంది' అని రాశారు. పెద్దమనిషే.

బోర్డు మర్నాడే పైకెక్కింది. పళ్లెం కన్ను, మూత కన్ను దుమ్ము దులుపుకుని మళ్లీ రోడ్డును చూస్తున్నాయి. బాణం దగ్గర మాత్రం బండరాయే. "పిల్ల అన్నీ ఒప్పుకుంది కదండీ, మీరు బాణం ఒక్కటీ ఒప్పుకోండి" అంటే, "అది పిల్లకీ నాకూ సంబంధించింది కాదు, నాకూ తలుపుకీ సంబంధించింది" అన్నారు.

నీ కొత్త ప్రింట్లు కూడా అడిగాను. కచేరీ పోస్టరు చూసి బ్యాంకు మేనేజరమ్మ, జోడు లేకుండా, ఆవులిస్తూ, "శనివారం పాటల కచేరీ. దీనికేమిటి అడగడం?" అంది. నేను ఆవిడకి ఇంకో టీ తెప్పించాను.

ఇంట గెలిచావు, ఇక రచ్చ గెలువు.

అత్త

*

మే 9

అత్తా,

నిలబడి రాస్తున్నాను, కూర్చోలేకపోతున్నాను.

స్టూడియో ఆవిడ ఫైలు చేత్తో పట్టుకుని బరువు చూసి, "చిక్కింది" అంది. కుర్చీ చూపించి, "ముందు ఆ సలహా మండలి ఎవరో చెప్పు" అంది. దాచి ఏం లాభం? మా మేనత్త కళ్లజోళ్ల షాపులో జోడు రిపేరుకి ఇచ్చి కూర్చునే జనం అని చెప్పేశాను. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి, పగలబడి నవ్వింది. నవ్వి, మెడలో జోడు కళ్లకి పెట్టుకుంటుందనుకుంటే, గొలుసుతో సహా తీసి బల్ల మీద పెట్టేసింది. "ఇప్పుడు నేనూ మండలిలో మెంబర్నే. ఆ గోడ దగ్గర నిలబడి ఒక్కొక్కటీ చూపించు" అంది.

చూపించాను అత్తా. కచేరీ చదివింది. సబ్బు చదివింది. ప్రతిదానికీ "ఇది ఎవరి కోసం?" అని అడిగింది. ఇది బస్సు కిటికీలోంచి ఒక్కసారి చూసే మనిషి కోసం అన్నాను. ఇది స్నానంలో కళ్లలో నీళ్లు పడి చెయ్యి చాచి తడుముకునే మనిషి కోసం అన్నాను. ఈసారి తడుముకోలేదు నేను. బస్సు వేళల కార్డు దగ్గర మాత్రం కళ్లు చికిలించి, "చివరి బస్సు నాకు దొరకలేదు, ఇంటికి నడిచే వెళ్లాలి. ఇది మళ్లీ చెయ్యి" అంది. నిజమే, ఆ అంకెలు ఇంకా చిన్నవే.

చివర మామయ్య కొట్టేసిన కాగితం వచ్చింది. జోడు పెట్టుకుని ప్రతి ముక్కా చదివింది. 'బెల్లు ఎక్కడ' దగ్గర కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఇంత బాగా తిట్టించుకుని, దాన్ని దాచకుండా తెచ్చావు. ఇది మొదటి పేజీలో ఉండాలి" అంది. తర్వాత నా ఫైలు మూసింది. ఫిబ్రవరిలో మూసినట్టే మూసింది, నా ప్రాణం పోయింది. "సోమవారం నుంచి రా. మూడు నెలలు చూస్తాను" అంది.

సోమవారం నుంచి అత్తా!

కొరియర్ ఆఫీసులో మేనేజరు నా సంచీ మీద 'పగిలే వస్తువు, జాగ్రత్త' అనే చీటీ తనే స్వయంగా అంటించి పంపించాడు. కొంచెం వంకరగా అంటించాడు, సరిచేయలేదు నేను.

వచ్చేటప్పుడు ఆవిడ మీ షాపు అడ్రసు అడిగి రాసుకుంది. వాళ్లక్కది మీ ఊరి వైపేనట, అటు వెళ్లినప్పుడు వస్తానంది. తన జోడు కాడ కూడా వదులైపోయిందట. మర్యాదగా చూడు.

నీ పిట్ట

*

మే 20

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు షాపులో ఉన్నవాళ్లందరికీ చదివి వినిపించాను. జడ్జిగారు చప్పట్లు కొట్టారు. ఈసారి జోడు ఉంది.

మీ పెద్దావిడ నిన్న వచ్చింది. నేరుగా మా షాపుకి రాలేదు. బస్సు దిగి, రోడ్డు అవతల నిలబడి, బోర్డు చూడాలని జోడు తీసి సంచీలో పెట్టుకుందట. అంతదూరం నుంచి ప్రతి అక్షరం చదివానంది. చదివి, బాణం చూపించిన వైపు బుద్ధిగా నడిచి, టైలరు షాపులోకి వెళ్లింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి రెండు భుజాలూ, ఒక చెయ్యీ కొలవడం అయిపోయింది. టైలరు ఆవిడ ఎత్తు రాసుకుంటున్నాడు.

ఆవిడ మీ మామయ్య ఎదుట కూర్చుని చెప్పిన మాట ఇది. "అక్షరాలు రాసిన చేతికి నమస్కారం. మీ బోర్డు మీద అంత నమ్మకం కలిగింది కాబట్టే బాణం ఎటు చూపిస్తే అటు వెళ్లాను." ఆయన కాడ బిగించి, అద్దాలు తుడిచి ఇచ్చారు. నీ గురించి అడిగితే ఆవిడ, "పని నేర్పక్కర్లేదు, తిట్టేవాళ్లని వెతుక్కోవడం తనకే వచ్చు" అంది. ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి, అందుకు సిగ్గుపడను.

ఆవిడ బస్సెక్కిందో లేదో నిచ్చెన బయటికొచ్చింది. ఇంతకన్నా నేను రాయను. కింద ఆయనే రాస్తానంటున్నారు. పెళ్లయ్యాక ఈయన ఉత్తరం రాయడం నేను చూడటం ఇదే మొదలు. చేతిరాత బోర్డులాగే ఉంటుంది, కంగారుపడకు.

అత్త

కోడలు పిల్లా,

బాణం మార్చాను. నువ్వు చెప్పినందుకు కాదు, మీ అత్త చెప్పినందుకు అసలే కాదు. బయటి ఊరి మనిషి దారి తప్పింది, అందుకు. టైలరు బేరాలు పోయాయని మొహం మాడ్చుకున్నాడు.

కన్నులు రెండూ సమానం చేయమని మీ అత్త పోరుతోంది. చేయను. అవి అలాగే అలవాటయ్యాయి జనానికి.

బోర్డు కింద మూల నా సంతకం ఉంటుంది. దాని పక్కన ఒక పిట్టను వేశాను. రెండే రంగులు. రోడ్డు అవతలికి వెళ్లి జోడు తీసి చూశాను, కనపడలేదు. జోడు పెట్టుకుని చూశాను, అప్పుడూ కనపడలేదు. దగ్గరికొచ్చి తలెత్తితేనే కనపడుతుంది. లావు చేయలేదు, అలాగే వదిలేశాను. జనం కోసం కాదది. నీ కోసం.

మామయ్య